తప్పెవ్వరిది? ధర్మపురి శేషప్పకవి పద్యమును, బాలబోధయును

గోదావరీతీరమందలి ధర్మపురి క్షేత్రమును దెలుఁగువారి యింటింటికి నెఱుకపఱచిన కవి శేషప్ప. ఆ క్షేత్రము చిరకాలము కరీంనగరము జిల్లాలోనిది. 2016వ సంవత్సరమున జిల్లాలను విభజించిననాఁటినుండి జగిత్యాల జిల్లాలోఁ జేరినది. శేషప్ప రచించిన నరసింహశతకమున సీసపద్యము లన్నియు ధర్మపురి నరసింహుని సంబోధించు మకుటముతో ముగియును. భక్తిశతకముగా దీనిని బలువురు ప్రశంసించిరి. కవి యార్తి, నిందాస్తుతి, ధారాశుద్ధి విమర్శకులకుఁ గ్రొత్తవి కావు. అయినను భక్తిపద్యముల నడుమ లోకనీతిని జెప్పు పద్యములు కొన్ని యిందుఁ గలవు. వానిలో నొక్కదానిని మాత్రము గ్రహించి, యది బిడ్డల పెంపకమును గూర్చి యేమి చెప్పినది, యేమి చెప్పక విడిచినది, ఆ విడిచినదానిని మన పాటలును బడులును ఎంతవఱకుఁ బూరించినవి యను విషయమును విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

బిడ్డ మనసులోని కలఁతకుఁ బేరు పెట్టి చెప్పువా రెవ్వరు? ఈడు వచ్చునపుడు దేహమునఁ గలుగు మార్పును ముందుగాఁ దెలుపువా రెవ్వరు? స్త్రీపురుషులు పరస్పరము చూపవలసిన మన్ననను నేర్పువా రెవ్వరు? ఇవి సాహిత్యపరిశోధనకు సంబంధింపని ప్రశ్నలని కొంద ఱనవచ్చును. కాని తరతరములుగా మన బిడ్డలకు నీతిని శతకములద్వారమునఁ గఱపుచున్నవారము మనమే. ఏది కఱపితిమో దానికి మనమే యుత్తరవాదులము.

నే నెత్తుకొన్న పద్యము పండితులకుఁ గంఠస్థమే. పశువు చెడ్డదైనచోఁ దప్పు దానిని గాచువానిది. ప్రజలు దుర్జనులైనచోఁ దప్పు రాజుది. భార్య గయ్యాళియైనచోఁ దప్పు భర్తది. కొడుకు దుష్టుఁడైనచోఁ దప్పు తండ్రిది. సేన చెదరినచోఁ దప్పు సేనానాయకునిది. కూఁతురు చెడినచోఁ దప్పు తల్లిది. గుఱ్ఱము చెడినచో రౌతుది. ఏనుఁగు చెడినచో మావటివానిది. ఇట్లెనిమిది జతలను జెప్పి, తమ తప్పులను దామెఱుఁగక జనులు తోఁచినట్లు మెలఁగుచున్నారని కవి నరసింహునితో మొఱపెట్టుకొనును.

ఈ పద్యమునందలి గుణమును ముందుగాఁ జెప్పవలయును. నీతిశతకములలోఁ బెక్కుపద్యములు చిన్నవానిని నిలువఁబెట్టి నీవిట్లుండవలె, నట్లుండరాదని శాసించునవి. వినువాఁడు బాలుఁడు, చెప్పువాఁడు పెద్ద, తప్పు బాలునిది. శేషప్ప యీ వరుసను దలక్రిందు చేసినాఁడు. ఆయన వ్రేలు పెద్దలవైపు చూపినాఁడు. కొడుకు చెడెనా, కొడుకును దిట్టకుము, తండ్రి నడుగుము. కూఁతురు చెడెనా, తల్లి నడుగుము. ఊరిలో నెవ్వరి పిల్లకైన నపఖ్యాతి వచ్చినపుడు లోకము పిల్లనే దూఱును. దానికి భిన్నముగా బోధింపనివారిదే తప్పని చెప్పుటకు నిబ్బరము కావలయును. రాజును సైతము విడువక యదే పంక్తిలోఁ గూర్చుండఁబెట్టిన కవి కా నిబ్బరము కలదు. ఇల్లు, రాజ్యము, సేన యొక్క ధర్మముచే బద్ధములని యీ జతల కూర్పు సూచించును. చేతిలో నధికార మెవ్వనికిఁ గలదో వానికే యుత్తరవాదిత్వ మనుట యీ పద్యమునకుఁ బ్రాణము.

ఇఁక లోపము. ఎనిమిది జతలలో మూఁడు జంతువులకు సంబంధించినవి. పసులకాపరి చేతఁ గఱ్ఱ, రౌతు చేతఁ గళ్లెము, మావటి చేత నంకుశము. భార్యయుఁ గొడుకును గూఁతురును నీ మూఁటి నడుమనే నిలిచియున్నారు. కాఁబట్టి చదువువానికిఁ దోఁచు భావము, పెంపక మనఁగా నదుపని. పెంపకములో నదుపు లేకున్నఁ జెల్లదు, నిజమే. కాని గుఱ్ఱము రౌతు నొక ప్రశ్న యడుగదు. ఏనుఁగు తనకు రాత్రివేళ భయమగుచున్నదని మావటితోఁ జెప్పదు. బిడ్డ యడుగును, చెప్పును. అడిగినపుడు కసరికొట్టినచో నడుగుట మానుకొనును. అదుపునకును బోధకును గల యీ భేదము పద్యమునఁ గానరాదు. తప్పు తల్లిదని కవి చెప్పెను. ఏమి చెప్పకపోవుటచే నది తప్పైనదో చెప్పలేదు.

రెండవ లోపము జతల విభాగమునఁ గలదు. కొడుకు తండ్రికి, కూఁతురు తల్లికి. ఇది లోకవాడుకయే. అయినను ఫలమును జూడుఁడు. కూఁతునకుఁ దండ్రియు, గొడుకునకుఁ దల్లియుఁ జెప్పవలసిన దేమియు లేనట్లయ్యెను. ఆఁడుదాని నొప్పి యెట్టిదో తల్లి నోటనే కొడుకు వినవలయును. మగవాని మన్నన యెట్టిదో తండ్రి నడవడియందే కూఁతురు చూడవలయును. మఱియు భార్య యీ వరుసలో శిక్షణ పొందవలసిన వారి పంక్తిలోఁ జేరినది. ఆమె గయ్యాళితనమునకు భర్తది తప్పనుట యొకవిధముగ నామెను సమర్థించుటయే. కాని భర్తయే దుష్టుఁడైనపుడు తప్పెవ్వరిది? ఆ జత పద్యమున లేదు.

ఒక యాక్షేపము రావచ్చును. ఇది భక్తకవి మొఱ, బాలశిక్షాశాస్త్రము కాదు, దృష్టాంతములను బట్టి లాగి యింత యర్థము కల్పించుట యన్యాయమని. కవి యుద్దేశము నేను దూఱుటలేదు. ఆయన తన కాలపు దృష్టాంతములను గైకొన్నాఁడు. కాని పద్యము కవి చేతినుండి బడిలోనికి వచ్చిన పిదప నది పాఠ మగును. పాఠమైనదానిని బాఠముగానే విమర్శింపవలయును. అదియునుగాక యీ కవి దేహమును గూర్చి మాటాడుటకు సంకోచించినవాఁడు కాఁడు. ప్రాణము పోవువేళఁ గఫము గొంతు నడ్డగించి, తెలివి తప్పి, నీ నామము తలఁచుకొనఁగలనో లేనో, కావున నిప్పుడే తలఁతునని యాయన చెప్పిన పద్యమును మనము పసిపిల్లలచేఁ గంఠస్థము చేయించినాము. దేహము పడిపోవు తీరును ఎనిమిదేండ్ల బాలునికి నిస్సంకోచముగ నేర్పిన మనము, ఆ దేహము పెరుఁగు తీరును బండ్రెండేండ్ల బాలునికిఁ జెప్పుటకు సిగ్గుపడితిమి. ఇది కవి దోషము కాదు, మనదే.

ఈ శతకముతోఁ గూడ బడులలోఁ జదువఁబడిన తక్కిన గ్రంథములను జూతము. పక్కి వేంకటనరసింహకవి కుమారీశతకము పేరుననే బాలికల కుద్దిష్టము. అత్తమామలయెడను భర్తయెడను వినయము, ఇంటిపనులయందు నేర్పు, నోటి యడఁకువ: ఇవి యందలి ప్రధానబోధలు. పక్కి అప్పలనరసయ్య కుమారశతకము బాలురకుఁ బెద్దలయెడ వినయమును, సజ్జనసాంగత్యమును ప్రధానముగఁ జెప్పును. రెండింటిని బ్రక్కప్రక్కనుంచి చదువఁగా నొక విషయము తేటపడును. బాలికకుఁ బెండ్లియే లోకము. ఆ లోకమున నామె యెట్లు సర్దుకొనవలయునో నూఱు తీరులఁ జెప్పిరి. బాలునికి లోకము విశాలము. కాని తన యింటికి వచ్చు నాఁడుబిడ్డ మనసును గనుఁగొనుట యందుఁ బ్రధానపాఠము కాలేదు. ఇఁక సుమతిశతకమున స్త్రీ విశ్వాసమును బాములతోడి చెలిమితో జతపఱచిన పద్యము కలదు. అట్టిదానిని రాగయుక్తముగఁ బాడుచుఁ బెరిగిన బాలుఁడు పెద్దవాఁడై యింటిలో స్త్రీమాటకు విలువ నీయకున్న, శేషప్ప చెప్పినట్లు, తప్పు నేర్పినవానిదే కదా.

నేను జదువుకొన్న బడిలో శతకము చెప్పు పండితులు కొన్ని పద్యముల కర్థము చెప్పక, ఇవి పరీక్షకు రావని పుట త్రిప్పెడివారు. ఆ పుటలనే మేము విరామవేళ నొండొరులకుఁ జదివి వినిపించుకొని నవ్వుకొనెడివారము. అర్థము తెలియదు, ఏదో యపవిత్రమని మాత్రము తెలిసెను. ఆ నవ్వునుండియే స్త్రీ యనఁగా నవ్వవలసిన వస్తువను భావము మాలోఁ బలువురకుఁ గలిగెనని యిప్పుడు తలఁచెదను. పుట త్రిప్పుటయు నొక బోధయే, అది తప్పుబోధ.

పుస్తకములు విడిచినదానిని బాటలు కొంత పూరించినవి. ఉత్తరతెలంగాణమున భాద్రపదమాసమునఁ గన్నెపిల్లలు బంకమన్నుతో మెట్లు మెట్లుగా బొడ్డెమ్మను జేసి, పూవులతో నలంకరించి చుట్టును దిరిగి పాడుదురు. ఇది పెండ్లికాని బాలికల పండుగ. దాని వెనువెంట భాద్రపద బహుళామావాస్యనాఁడు ఎంగిలిపూవులతో బతుకమ్మ మొదలై దుర్గాష్టమినాఁటి సద్దులతో ముగియును. 2014లో దీనిని తెలంగాణరాష్ట్రప్రభుత్వము రాష్ట్రపు పండుగగాఁ బ్రకటించెను. బొడ్డెమ్మచుట్టు పాడినపిల్ల పాటలు నేర్చి, బతుకమ్మనాఁటికిఁ దల్లుల వలయమునఁ జేరును. బడి కెన్నఁడును బోని యాఁడుపిల్లకుఁ గూడ నిది యొక బడి. ఉపాధ్యాయురాండ్రు తల్లులు, అవ్వలు, అత్తలు. అధ్యయనము కూర్చుండి కాదు, చప్పట్లు తట్టుచు నడుగు వేయుచు.

ఈ వలయమునఁ బాడు పాటలలోఁ గలవారియింటి కోడలి పాట సుప్రసిద్ధము. కోడలు పప్పు కడుగుచుండఁగాఁ బుట్టినింటినుండి యన్న వచ్చును. అన్నను జూడఁగనే యామెకుఁ గన్నీరు వచ్చును. ఆయన కన్నీరు తుడిచి, పుట్టినింటికిఁ బోదము రమ్మనును. ఆమె యత్త నడుగుమనును. అత్త మామ నడుగుమనును. ఇట్లొక్కొక్కరే తమమీఁదనుండి త్రోసివేయఁగాఁ దుదకు భర్త యనుమతించును. పామరుల పాటయని తీసివేయవలసినది కాదిది. ఇందు మూఁడు బోధలున్నవి. మొదటిది, దుఃఖమునకు స్థానము కలదనుట. కుమారీశతకమున నోరు మెదపరాదని నేర్చిన పిల్ల యిక్కడఁ గన్నీటిని బహిరంగముగఁ బాడుచున్నది. రెండవది, ఇంటిలో నధికార మెట్లు మెట్లు మెట్లుగాఁ గట్టఁబడినదో పిల్లకుఁ దెలియుట. ఎవ్వరును వల దనరు, ఎవ్వరును సరే యనరు. త్రోసివేయుటయే కాదనుట యగునని పాట కన్నులఁగట్టినట్లు చూపును. మూఁడవది యన్నగారి నడవడి. కన్నీటిని జూచి యేల యేడ్చెదవని గద్దింపక తుడిచినవాఁ డాతఁడు. తన చెల్లెలిని గొనిపోవుట కనుమతి నోపికతో నడిగినవాఁ డాతఁడు. మగవాని మన్నన యెట్టిదో మన శతకములకన్న నీ పాటయే బాగుగఁ జెప్పినది.

కాని విచిత్రము చూడుఁడు. ఆ యన్న పాటలో నున్నాఁడు, వలయములో లేఁడు. బాలురు పూవులు కోసికొనివచ్చుటవఱకే. తంగేడు, గునుగు తెచ్చి యిచ్చి ప్రక్కకుఁ బోవుదురు. ఏ బోధ బాలునికి ముఖ్యమో యది బాలిక చెవినే పడినది. బతుకమ్మ పుట్టుకను జెప్పు గాథయు నిట్టిదే. ధర్మాంగదరాజును సత్యవతియు నూర్వురు కొడుకులను గోల్పోయి తపము చేయఁగా నాఁడుబిడ్డ పుట్టినదనియు, బ్రతుకుమని దీవింపఁబడినదనియు నా గాథ. ఆఁడుబిడ్డ బ్రతుకవలె ననునంతకన్నఁ దండ్రులు వినవలసిన మాట వేఱొక టేమున్నది? ఆ పాట వినఁబడు దూరమునఁ దండ్రులు కూర్చుండియే యుందురు. పాఠముగా వినరు, పండుగగా విందురు.

పాటలకును హద్దు కలదు. పిల్ల యీడేరినపుడు ముత్తైదువలు కూడి, నువ్వులును బెల్లమును దంచి పెట్టి, పాటలు పాడుట మనవాడుక. ఆ పాటలలో వేడుక కలదు, ముద్దు కలదు, వరసైనవారి పరిహాసము కలదు. కాని యేమి జరిగినదో, ఎందుకు జరిగినదో, అది రోగము కాదని, తప్పు కాదని యా పిల్లకుఁ దెలుపు మాట నే వినిన పాటలలో లేదు. పిల్ల భయపడి యేడ్చుచుండఁగా నందఱును సంతోషించుచుందురు. ఆమె భయమునకు సమాధానము చెప్పువారు లేరు.

పెద్దల వాఙ్మయమున నొక్క ఘట్టము మాత్రము స్మరింపఁదగినది. తంజావూరి ప్రతాపసింహుని (1739–1763) యాస్థానకవయిత్రి ముద్దుపళని రాధికాసాంత్వనమున రాధ తాను బెంచిన యిళను గృష్ణునకుఁ బెండ్లిచేసి పంపునపుడు పడుచునకు బుద్ధులు చెప్పును. అంతతో నిలువక, ఈమె చిన్నది, సుకుమారముగఁ జూచుకొమ్మని కృష్ణునకును జెప్పును. ఈ గ్రంథమును బెంగుళూరు నాగరత్నమ్మ 1910లోఁ బ్రకటించినపుడు వివాదము చెలరేఁగి, ప్రభుత్వము నిషేధించినది. ఆ నిషేధము స్వాతంత్ర్యము వచ్చు నాఁటివఱకు నుండినది. శృంగారకావ్యమును బాలుర చేతికిమ్మని నే ననుటలేదు. బాల్యవివాహకాలపు కథ యది, మన కాదర్శము కానేరదు. అయినను మగవానికిఁ జెప్పవలసినదియు నొకటి కలదని యెఱిఁగిన రచయిత్రి యామె. గ్రంథముతోఁగూడ నా యెఱుకయు మూఁతపడినది.

అదిలాబాదు కొండలలోని గోండుల పద్ధతి నిచటఁ జెప్పక విడువరాదు. వారిలో నాలుగు, అయిదు, ఆఱు, ఏడు వేల్పుల సగాలని కులవిభాగము కలదు. ఒక్క సగాకుఁ జేరినవా రన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు. వారిలో వారికిఁ బెండ్లి లేదు. పర్ధానులు కిక్రి మీటుచు సగాల పుట్టుకకథలు పాడునపుడు పిన్నలును బెద్దలును గలిసియే విందురు. దండారివేళ నెమలిపురుల కిరీటములు దాల్చిన గుసాడీలతోఁగూడ యువకు లూరినుండి యూరికిఁ బోయి యాడుదురు. 1948లోఁ బ్రకటితమైన హైమండార్ఫ్ పండితుని గ్రంథమువలన నీ విషయములు లోకమునకుఁ దెలిసినవి. ఎవ్వరితో నెట్టి వరుస యనునది వారి బిడ్డ కథలోనే నేర్చుకొనును. అడుగుటకు సిగ్గుపడవలసిన విషయము కాదు. ఇదియు సంపూర్ణబోధ యనను. ఎవ్వరిని బెండ్లాడవచ్చునో కథ చెప్పును. పెండ్లాడినదాని నెట్లు మన్నింపవలెనో ప్రత్యేకముగఁ జెప్పవలసియే యుండును. కాని పిన్న పెద్దలు, ఆఁడు మగ యొక్కచోఁ గూర్చుండి వినుట యను పద్ధతి మనము నేర్వఁదగినది.

ఇప్పుడు పండితుల కత్యంతసన్నిహితమైన విషయమునకు, అనఁగా మాటలకు, వచ్చుచున్నాను. ఆఁడుపిల్ల యీడేరుటకు మన భాషలో సమర్త, పెద్దమనిషి యగుట, పుష్పవతి యగుట యను మాటలున్నవి. సమర్త యనునది సమర్థశబ్దభవమని చెప్పఁదగును. శక్తి కలది, పెద్దది, పూచినది: మూఁడును గౌరవపదములే. కాని యా మఱుసటి నెలనుండి యదే ధర్మమునకు వాడు పదము లేవి? ముట్టు, అంటు, మైల, బయటఁ జేరుట, దూరముండుట, బహిష్టు. అన్నియుఁ దాఁకరాదనుటయో వెలుపల నుండుమనుటయో. తొలినాఁడు పూవైనది రెండవనెల మైల యయ్యెను. పేరుననే తీర్పున్నది. ఈ మాటలు వినుచుఁ బెరిగిన పిల్ల తన దేహమును గూర్చి యేమి తలఁచునో విజ్ఞు లూహింతురుగాక.

దేహమునందలి మఱుఁగుభాగముల పేర్ల స్థితి యింతకన్న దీనము. సంస్కృతపదములున్నవి; అవి పిల్లకుఁ దెలియవు, తల్లికిఁ దెలియవు. దేశ్యపదములున్నవి, అవి తిట్లలోనే బ్రతుకుచున్నవి. నడుమ మర్యాదగా నింటిలోఁ బలుకఁదగిన మాట తల్లికి లేదు. నిఘంటువు మితిమీరి పైన, తిట్టు మితిమీరి క్రింద, నడుమ మౌనము.

సిగ్గు అను మాటను జూడుఁడు. మర్యాద తెలిసినదాని యడఁకువయు సిగ్గే, తప్పు చేసినవాని తలవంపును సిగ్గే. ఒక దుర్మార్గుఁడు పిల్లపైఁ జేయి వేసినపుడు పిల్లకుఁ గలుగునది యేది? తప్పు వానిది, సిగ్గు పిల్లది. చెప్పఁబోయిన బిడ్డతో సిగ్గులేదా యని తల్లి యన్నచో నా రెండర్థము లేకమై బిడ్డ నోరు మూయును.

మాటలు లేక కాదు. ఉత్తరతెలంగాణపు పలుకుబడిలో మనసునకు సంబంధించిన మాటల సంపద గొప్పది. లోపలఁ దొలుచు దిగులునకు రంది, తెగని చింతకు మనాది, ఉలికిపాటుతోడి భయమునకు బుగులు, విసుగుతోఁ గలసిన యలసటకు యాష్ట. వీనితో బెంగ, అలుక, ఉక్రోషము, బెరుకు, మొగమాటము చేర్చినచో నొక్కొక్క చిత్తవృత్తికి నొక్కొక్క మాట దొరకును. వీనిలోఁ బెక్కింటిని బడిలో గ్రామ్యములని కొట్టివేసితిమి. రంది యని వ్రాసిన బాలుని పలకపై దుఃఖము అని దిద్దితిమి. దిద్దినమాట వానిది కాదు. వాని మాట పోయినది. మాటతోఁగూడఁ జెప్పు ధైర్యమును బోయినది.

ఇది శబ్దచర్చ మాత్రమే కాదు. 2012లో లైంగికనేరములనుండి బాలలను రక్షించు చట్టము వచ్చినది. దాని ప్రకారము బిడ్డ చెప్పినది చెప్పినట్లే, బిడ్డకు నమ్మకముగల పెద్దలయెదుట, వ్రాసికొనవలయును. బిడ్డ యింటనో, బిడ్డ కోరినచోటనో వ్రాసికొనవచ్చును. సాధ్యమైనంతవఱకు స్త్రీయధికారి యుండవలయును. చట్టము బిడ్డ మాటకు నింత మన్నన యిచ్చినది. కాని బిడ్డకు మాటయే లేకున్న నేమి వ్రాసికొందురు? మనము పుట త్రిప్పి దాఁటించిన మాటయే న్యాయస్థానమున బిడ్డకుఁ గావలసివచ్చును. 2006 నాఁటి చట్టము పదునెనిమిదేండ్లు నిండని బాలికకును, ఇరువదియొకటి నిండని బాలునికిని బెండ్లి చేయరాదన్నది. నాకుఁ బెండ్లి వలదు, చదువుకొందును అని పిల్ల చెప్పవలెనన్నను మాట కావలయును, వినుటకుఁ దండ్రికి మనసు కావలయును.

ఇట్టివి చెప్పినచోఁ బిల్లలు చెడుదురని పెద్దల భయము. ఆ భయమును దేలిక చేయరాదు. అది ప్రేమనుండి పుట్టినది. కాని పరిశీలించినవారి నిర్ణయము దానికి విరుద్ధముగ నున్నది. ఐక్యరాజ్యసమితికిఁ జెందిన యునెస్కో యీ బోధకు 2009లో మార్గదర్శకగ్రంథమును బ్రకటించి 2018లో సవరించినది. వివిధదేశముల యనుభవమును సమీక్షించి, యీ బోధవలనఁ బిల్లలు తొందరపడి తప్పుదారిఁ బట్టరనియే యది తేల్చినది. అందు బోధ యైదేండ్లనుండి యారంభమై, ఎనిమిది, పండ్రెండు, పదునైదేండ్ల మెట్లపై వయసున కనుగుణముగఁ బెరుఁగును. తొలిమెట్టున నుండునవి కుటుంబము, స్నేహము, తన దేహము తనదే యను నెఱుక. ఇవి మన యవ్వలకుఁ గ్రొత్తవి కావు; చెప్పుటకు మాటయు వేళయుఁ గావలసియున్నవి. ఎట్లును బిల్లలు వినకుండుట లేదు. మనము చెప్పనిది విరామవేళఁ దోడిపిల్లలు చెప్పుదురు, నేఁడు చేతిలోని ఫోను చెప్పును. మా నవ్వువంటి నవ్వుతోనే చెప్పును.

అట్లయినఁ బండితులు చేయఁదగిన దేమి? నాకుఁ దోఁచినవి మూఁడు. శేషప్ప పద్యమును జెప్పునపుడు ప్రతిపదార్థముతో నాపక, కొడుకు దుష్టుఁడైనచోఁ దండ్రి యేమి చెప్పకపోవుటవలన నట్లయ్యెనని బాలుర నడుగవలయును. గుఱ్ఱమునకును గూఁతునకును భేద మేమని యడుగవలయును. స్త్రీనిందగల పద్యమును దాఁటింపక, ఇది యే కాలపు మాట, యేల తప్పని చెప్పవలయును. రెండవది, కోడలి పాటను బాలుర పాఠమునకును దేవలయును. అన్న యేమి చేసెనో వారిచేఁ జెప్పింపవలయును. బిరుదురాజు రామరాజు గారివంటి పరిశోధకులు పల్లెపాటల నేర్చి విమర్శించి విశ్వవిద్యాలయములలో వానికిఁ బీట వేసిరి. ఆ పీట బడివఱకు రావలసియున్నది. మూఁడవది, మాటల పని. మైల యనక నెలసరి యనవచ్చును. ఆ మాట యిప్పటికే వాడుకలోఁ గలదు. దేహభాగములకు నిండ్లలోఁ బలుకఁదగిన మర్యాదపదములను బండితులును వైద్యులును దల్లులును గూడి నిర్ణయింపవలయును. రంది, మనాది, బుగులు మొదలగు పదములను గ్రామ్యములని త్రోయక వ్యాసములలో వ్రాయనీయవలయును. తల్లిదండ్రులు బడికి వచ్చిననాఁడు మార్కులతోఁగూడ నీ మాటలును వారి చెవిని వేయవలయును. ఇంటి పని బడి చేయఁజాలదు. ఇంటికి మాట నందీయఁగలదు.

గోదావరి కెగువను బాసరయందు సరస్వతీసన్నిధిని దల్లిదండ్రులు బిడ్డను దొడపైఁ గూర్చుండఁబెట్టుకొని, ఆ చిన్నిచేతిని దమచేతఁ బట్టి తొలియక్షరము దిద్దింతురు. గురువున కప్పగింపకమున్ను తొలియక్షరము తామే దిద్దించుట మనవారికిఁ దెలిసిన ధర్మము. మనసును, దేహమును, మన్ననను గూర్చిన తొలియక్షరము కూడ నట్లే తొడపైననే దిద్దింపవలసినది. దిగువనున్న ధర్మపురికవి తప్పు పెద్దలదని యెన్నఁడో చెప్పియున్నాఁడు. ఆయన జతలు చెప్పిన క్రమముననే చూచితిమేని, బిడ్డ నోటికి మాట దొరకకున్నఁ దప్పు పండితునిదని యొప్పుకొనక తప్పదు. ఈ విచారమున లోపములున్న విజ్ఞులు దిద్దుదురుగాక.